సుద్దముక్కతో ఎండను కొలిచిన మనిషి

పోయిన నెల ఠాణా మెట్లు ఎక్కాల్సి వచ్చింది. ధర్మపురి నుంచి వస్తూ బస్సులో నా సంచి పోగొట్టుకున్నాను. అందులో పింఛను కాగితాలున్నాయి. కొత్తవి కావాలంటే ముందు పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి రసీదు తెమ్మన్నారు. నేను వెళ్ళేసరికి సాయంత్రం నాలుగు దాటింది. గోడకు ఆనించిన బెంచీ చూపించి కూర్చోమన్నారు. ఎదురుగా ఎస్సై కుర్చీ, దాని వెనక పడమటి కిటికీ. ఎండ ఆ కిటికీలోంచి సూటిగా వచ్చి నా కళ్ళలో పడింది. కళ్ళు చికిలించాను.

"సంచి నిజంగ బస్సులనే పోయిందా మేడం? జెర యాది చేసుకోండ్రి," అన్నాడు ఎస్సై. చిన్నవాడు. నా దగ్గర చదువుకున్న పిల్లలకు పుట్టిన పిల్లల వయసు ఉంటుంది.

నాకు ఒళ్ళు మండింది. డెబ్బయ్యేళ్ళ దాన్ని, సంచి పోయిందని అబద్ధం చెప్పి నేను బావుకునేదేముంది? ఆ మంటలోనే ఆమె గుర్తొచ్చింది. ఇదే గది, ఇదే గోడ, ఇదే కిటికీ. నలభై ఏళ్ళ కిందట ఈ గోడ పక్కన నేనూ ఆమే ఒక పూటంతా కూర్చున్నాం.  ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళు అప్పటికి పుట్టనే లేదు.

ఇంటీరియర్ డిజైన్ అనే మాట అప్పట్లో మా జగిత్యాలలో ఎవరూ విని ఉండరు. ఆమెను అందరూ పరదాలక్క అనేవాళ్ళు. ఆమె మాత్రం ఆ పేరుకు ఒప్పుకునేది కాదు. "పరదాలు కుట్టేది మా ఆయన. నేను ఇండ్లు సదురుత," అనేది. ఆయన దర్జీ. ఆయన పుట్టినప్పటి నుంచీ మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఆమె ఒక పూట మాట్లాడినంత అవుతాయి. బస్టాండు దారిలో వాళ్ళ దుకాణం. దాని వెనక గదిలో నేను అద్దెకుండేదాన్ని. బాలికల పాఠశాలలో కొత్తగా టీచరు ఉద్యోగం.

సిరిసిల్లలో మగ్గాలవాళ్ళ బిడ్డ ఆమె. పుట్టింటి నుంచి లంగాల గుడ్డ తెప్పించేది, అదీ నేతలో తేడా వచ్చి పక్కన పడేసిన తాన్లు. పెరట్లో పెద్ద గంగాళం పెట్టి వాటికి తానే రంగు అద్దేది. పసుపుకు, మట్టిరంగుకు, ఆకుపచ్చకు మధ్య ఏవో పేర్లు లేని రంగులు వచ్చేవి. ఒక వకీలుగారి హాల్లో ఆ పరదాలు వేలాడదీశాక, అది లోపలి లంగాల గుడ్డ అని ఎవరో చెప్పారట. వకీలుగారి తల్లి దుకాణానికి వచ్చి రాద్ధాంతం చేసింది.

"నడుముకు కట్టుకుంటె లేని సిగ్గు కిటికీకి కడితె ఏందమ్మా?" అని అడిగింది ఆమె. ఆ ముసలమ్మ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పరదాలు అక్కడే ఉండిపోయాయి.

పని ఒప్పుకునే పద్ధతి కూడా వింతే. టేపు పట్టుకుని వెళ్ళేది కాదు. పొద్దు పొడవకముందే ఆ ఇంటికి వెళ్ళి ఒక మూల కింద కూర్చునేది. ఎండ లోపలికి వచ్చిన దగ్గర నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసేది. గంట గడిచాక ఎండ జరిగిన చోట మరో గీత. అలా పొద్దు గూకేదాకా. వాళ్ళు పెడితే తినేది, పెట్టకపోతే సంచిలోంచి సజ్జరొట్టె తీసుకునేది. నడుమున బొడ్డు సంచిలో ఆకూ వక్కా పెట్టుకునేవాళ్ళను చూశాను గాని, సుద్దముక్కలు పెట్టుకున్న ఆడమనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. సాయంత్రానికి నేలంతా గీతలు. అప్పుడు లేచి ఇంటాయన్ని ఒకే ప్రశ్న అడిగేది.

"గీ ఇంట్ల ఆడామె ఏడ కూసుంటది?"

చాలామందికి జవాబు తెలిసేది కాదు. మగవాళ్ళు భార్యల వైపు చూసేవాళ్ళు. భార్యలు ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్ళు. కూర్చోవడమా, తీరికెక్కడిది? ఆ జవాబు దొరికేదాకా ఆమె పని మొదలుపెట్టేది కాదు. దొరికాక, ముందు ఆ చోటును బాగు చేసేది. హాలు, గోడల రంగు, షోకేసు, అన్నీ ఆ తర్వాతే.

నన్నూ అడిగింది. మంచం మీద కూర్చుంటానన్నాను. "మంచం మీద పండుకుంటరు పంతులమ్మా. కూసునుడు ఏరే," అని, మర్నాటికల్లా కిటికీ కింద ఇటుకలు పేర్చి పైన చెక్క వేసి, దాని మీదికి బొంతలాంటిది ఒకటి కుట్టి తెచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఎండ సరిగ్గా పుస్తకం మీద పడేది, కళ్ళలో పడేది కాదు. నా బతుకులో నాకంటూ ఒకరు చూపించిన మొదటి చోటు అదే. 

దుకాణం బయట ఒక నల్లబల్ల వేలాడేది. ప్రతి ఉగాదికి ఆ ఏడు చేయాలనుకున్న పనులన్నీ దాని మీద రాయించేది. ఆమెకు అక్షరాలు వచ్చు గాని కోడి గెలికినట్టుండేవి. నావి గుండ్రటి పంతులమ్మ అక్షరాలు. అందుకని రాసేది నేను, చెప్పేది ఆమె. మొదటి ఏడు "నాలుగు ఇండ్లు" అని రాయించింది. మరుసటి ఏడు ఎనిమిది. మూడో ఏడు "పన్నెండు ఇండ్లు. అందులో కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి. ఇద్దరు ఆడవాళ్ళకు ఏడాది పొడుగునా పని" అని రాయించింది.

బజారంతా నవ్వింది. అనుకున్నవి బయటపెడితే దిష్టి తగులుతుందని ఇరుగుపొరుగు బెదిరించారు.

"కడుపుల దాసుకుంటె కాకున్నా ఎవ్వలకు తెల్వది. అందుకే దాసుకుంటరు," అంది ఆమె. "నాకు ఎనుకకు పోయే తొవ్వ ఉండొద్దు."

అయిన పనిని గీతతో కొట్టేసేది. ఏడు చివర కాని పనుల పక్కన "కాలేదు" అని రాయించేది. ఎందుకు కాలేదో రాస్తానంటే ఒప్పుకునేది కాదు. బస్సుకోసం వెళ్ళేవాళ్ళు ఆగి ఆ బల్ల చదివి వెళ్ళడం అలవాటైపోయింది.

ఆ మూడో ఏడే గొడవ వచ్చింది. అవి ఎలాంటి రోజులో చెప్పనక్కర్లేదు. ఊళ్ళలో అన్నల, అంటే నక్సలైట్ల, మాట నడిచేది, రోడ్డు మీద పోలీసుల మాట నడిచేది. మామూలు మనిషి ఏ పని చేసినా ఇద్దరిలో ఎవరో ఒకరి మాట విన్నట్టే లెక్క. గోడకు రంగు వేసేవాడిని కూడా నినాదాలు రాసేది నువ్వేనా అని పట్టుకెళ్ళిన కాలం.

కోరుట్లలో, బీడీ ఆకుల కూలి దగ్గర అన్నలతో పేచీ ఉన్న ఒక తునికాకు కాంట్రాక్టరు కొత్తగా పెద్ద ఇల్లు కట్టి ఆమెకు కబురు పెట్టాడు. అంత పెద్ద పని అంతకుముందు రాలేదు. అది పూర్తయితే బల్ల మీద కోరుట్ల గీత పడుతుంది, ఇద్దరు ఆడవాళ్ళకు ఏడాది పనీ దొరుకుతుంది. వెళ్ళడానికి రెండు రోజుల ముందు, పట్టపగలే, బీడీల గంప సైకిలుకు కట్టుకున్న ఒక నడివయసు మనిషి దుకాణంలోకి వచ్చాడు. పరదా గుడ్డను వేళ్ళతో నలుపుతూ మెల్లగా అన్నాడు.

"అక్కా, కోరుట్ల పని ఒద్దంటున్నరు."

"ఎవ్వలు?"

"నీకు ఎరికే."

"నేను ఇంకా ఇల్లే సూడలే. సూసినంక నా ఇష్టం," అంది. అతను గుడ్డ వదిలేసి వెళ్ళిపోయాడు. నేను దుకాణం తలుపు దగ్గరికి వేశాను. ఆమె మాత్రం పెరట్లోకి వెళ్ళి గంగాళం కింద మంట ఎగదోస్తూ కూర్చుంది.

ఆదివారం తెల్లవారుజామునే ఆమెతో నేనూ కోరుట్ల వెళ్ళాను. అలవాటు ప్రకారం హాల్లో కింద కూర్చుని గీతలు గీసింది. సాయంత్రం కాంట్రాక్టరు వచ్చాక తన ప్రశ్న అడిగింది.

"ఆడోళ్ళు ఏడ కూసుంటె నీకేంది? హాలు చెయ్యుమంటున్న. హైదరాబాదుల ఉన్నట్టు కావాలె," అన్నాడు.

ఆమె లేచి, ఆయన వద్దంటున్నా వినకుండా గదులన్నీ తిరిగింది. వెనక వడ్లబస్తాల గదిలో, వెలుతురు రాని మూలలో, బోర్లించిన నూనెడబ్బా మీద ఆ ఇంటి ఇల్లాలు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి గబుక్కున లేచి నిలబడింది.

"పదకొండు అర్రల ఇల్లు కట్టి గీమెకు డబ్బా ఇచ్చినవా?" అంది పరదాలక్క కాంట్రాక్టరుతో. "ముందుగాల గీ అర్ర చేత్త. కిటికీ కొట్టిచ్చి, కూసునే జాగ చేసినంక హాలు. ఒప్పుకుంటె రేపే మొదలువెడ్త."

"బస్తాల అర్రకు కిటికీనా? పిచ్చి లేచిందా నీకు?"

"అట్లయితె నీ పని నాకొద్దు."

బస్సులో నేను ఆమెను తిట్టినంత పని చేశాను. బల్ల మీద రాయించుకుంది నువ్వే కదా, ఇద్దరు ఆడవాళ్ళ పని మాటేమిటి అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జగిత్యాల దాకా పలకలేదు. ఆమె అంతసేపు మౌనంగా ఉండటం అదొక్కసారే చూశాను. ఆ పని ఆమెకు ఎంత కావాలో అప్పుడు అర్థమైంది నాకు.

నాలుగు రోజులకు బీడీల గంపాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వుతూ.

"సంతోషం అక్కా. మా మాట ఇన్నవు."

ఆమె ముఖం జేవురించింది. "మీ మాట ఎవ్వలిన్నరు? నేను నా మాట ఇన్న! పో, పోయి గదే చెప్పు!" అంది. అతను వెళ్ళీ వెళ్ళకముందే నన్ను కేకేసింది. సుద్దముక్క నా చేతిలో పెట్టి, బల్ల మీద కోరుట్ల అన్న మాట పక్కన రాయమంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను.

"కోరుట్ల ఇల్లు వదిలిపెట్టిన. నా ఇష్టంతోని వదిలిపెట్టిన. ఎవ్వల మాట ఇనలే."

ఎప్పుడూ కారణం రాయనివ్వని మనిషి ఆ ఒక్కదానికే రాయించింది. వద్దక్కా అని చెప్పాను. "చేసిన పనికి పేరు ఇంకోల్లకు పోతుంటె సూసుకుంట కూసోవాల్నా?" అంది. బజారు మొత్తం చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మూడో రోజు పొద్దున ఒక కానిస్టేబులు వచ్చాడు. బల్ల విప్పుకుని సైకిలు వెనక కట్టుకుని, ఆమెను ఠాణాకు రమ్మన్నాడు. ఆమె భర్త కుట్టుమిషను ముందు నుంచి లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. ఒంటరిగా పంపలేక బడికి సెలవు పెట్టి నేను వెంట వెళ్ళాను. ఆ బల్ల మీదున్నవి నా అక్షరాలన్న సంగతి దారి పొడుగునా నా గుండెల్లో కొట్టుకుంటూనే ఉంది. ప్రభుత్వ ఉద్యోగం, ఊళ్ళో నా జీతం మీద బతికే ముగ్గురు చెల్లెళ్ళు.

ఎస్సై ఎక్కడికో వెళ్ళాడు. మమ్మల్ని ఆ గోడ పక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. పదయింది, పన్నెండయింది, రెండయింది. ఆమె ఊరికే కూర్చునే రకం కాదు. మధ్యాహ్నం దాటాక కిటికీలోంచి ఎండ లోపలికి దిగడం మొదలుపెట్టింది. నేను చూస్తుండగానే బొడ్డు సంచిలోంచి సుద్దముక్క తీసి నేల మీద గీత గీసింది. గంటకు మరొకటి. అలవాటు చేతికి ఉంటుంది, చోటు ఎక్కడన్నది దానికేం తెలుసు?

మూడో గీత గీస్తుండగా కానిస్టేబులు చూశాడు. "ఏయ్! ఏం గీత్తున్నవే? ఠాణా నక్ష తీస్తున్నవా?" అని అరిచాడు. లోపలి నుంచి ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. ఒకడి చేతిలో తుపాకి. కిటికీ ఎంత దూరం, తలుపు ఎటువైపు, కుర్చీ ఎక్కడ, అన్నీ కొలిచి పంపేందుకే వచ్చిందన్నారు. ఆ రోజుల్లో ఠాణాల మీద దాడులు జరుగుతున్నాయి. నేను వాళ్ళ స్థానంలో ఉన్నా అలాగే అనుకునేదాన్నేమో.

ఎస్సై వచ్చేసరికి నాలుగు దాటింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. బల్లను గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని అడిగాడు.

"ఎవరి మాట వినలేదు నువ్వు? ఎవరొచ్చి చెప్పారు?"

"ఎవ్వల మాట ఇనలే సారూ. రాసింది గదే గదా."

"తెలివితేటలా? పేరు చెప్పు."

"మీరు అడిగితె చెప్తె, మీ మాట ఇన్నట్టయితది. గప్పుడు బల్ల మీద రాసింది అబద్ధమైతది."

 ఎస్సై బల్ల వైపు తిరిగాడు. "ఇవి చదువుకున్నవాళ్ళ అక్షరాలు. ఎవరివి?"

"నావే," అంది ఆమె.

"రాయి, చూస్తాను." ఆమె నేల మీద రాసింది. కోడి గెలికిన అక్షరాలు. ఎస్సై నవ్వి నా వైపు తిరిగాడు. "నువ్వు టీచరువి కదూ? ఈ అక్షరాలు నీవేనా?"

ఎండ నా ముఖం మీద పడుతోంది. కళ్ళు మూసుకున్నాను. "కాదండీ," అన్నాను.

"కళ్ళు మూసుకుని అబద్ధం చెబుతున్నావే."

ఆమె దిగ్గున లేచింది. "సారూ, జెర లేచి ఈడికి రాండ్రి. వచ్చి గీమె పక్కకు కూసోండ్రి. మీ కండ్లు ఎట్లయితయో సూడుండ్రి. నేను గీసిన గీతలు గివే. పొద్దు మల్లినంక మీ ఎనుక కిటికీల కెల్లి ఎండ అచ్చి మీ ఎదురుంగ కూసున్నోళ్ళ కండ్లల్ల పడ్తది. వాళ్ళు కండ్లు మూసుకుంటరు, మొకం తిప్పుకుంటరు. మీరేమో దొంగ అనుకుంటరు. గిట్ల ఎంతమందిని అనుకున్నరో? ఆ బెంచి తీసి కిటికీ కిందికి ఎయ్యిండ్రి. అప్పుడు అడుగుండ్రి, ఎవ్వలు నిజం చెప్తున్నరో తెలుస్తది."

 ఎస్సై లేచి, నేల మీది గీతలను ఒక్కొక్కటే చూశాడు. ఎండ మూడో గీతను దాటి మేము కూర్చున్న గోడ దాకా వచ్చి ఉంది. మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "ఆ రాత తుడిచెయ్. ఇద్దరూ వెళ్ళండి," అన్నాడు.

"తుడువ సారూ. ఉగాదికి అంతా తుడుస్త, గప్పుడు అదీ పోతది," అని బల్ల నెత్తిన పెట్టుకుంది. ఆయన వారించలేదు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "గీ అర్ర మంచిగ లేదు. ఒకనాడు అచ్చి నేనే సదురుత."

ఆమె ఎండ గురించి చెప్పింది అక్షరాలా నిజం. కాని ఆ రోజు నా కళ్ళు మూసుకుపోయింది ఎండకు కాదు. నేను నిజంగానే అబద్ధం చెబుతున్నాను. అది ఆమెకు తెలుసు. తెలిసే నా భయానికి ఎండను అడ్డం పెట్టింది.

దుకాణానికి వచ్చి బల్ల తగిలించాక అలవాటుగా సుద్దముక్కకు చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. "నువ్వొద్దు పంతులమ్మా. నీకు నౌకరి ఉన్నది, చెల్లెండ్లున్నరు," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది. తన కోడి అక్షరాలతో అడుగున ఒక మాట చేర్చింది. "ఠాణా." ఆ తర్వాత ఆ బల్ల మీద నన్ను ఎప్పుడూ రాయనివ్వలేదు. కిటికీ కింద నా చోటు నాకే ఉంది, పలకరింపులూ మునుపటిలాగే ఉన్నాయి. బల్ల మాత్రం నాది కాకుండా పోయింది. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

వర్షాకాలం అయ్యాక కోరుట్ల ఇల్లాలు తానే బస్సెక్కి వచ్చింది. మొగుడికి చెప్పే వచ్చానంది. "నేను కూసునే జాగ చెయ్యక్కా. హాలు సంగతి ఆయిన సూసుకుంటడు," అంది. బస్తాల గదికి కిటికీ పడింది. బల్ల మీద కోరుట్ల గీత పడింది. పక్కనున్న మూడు ముక్కల రాతను మాత్రం ఆమె ఉగాది దాకా అలాగే ఉంచింది. గంపాయన ఆ దారిన వెళ్తూ రెండుసార్లు చదివాడు, కానిస్టేబులు ఒకసారి చదివాడు. ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత నాకు బదిలీ అయింది. ఎప్పుడు జగిత్యాల వచ్చినా ఆ బల్ల చూసేదాన్ని. ఇండ్ల సంఖ్య పెరిగింది, దుకాణం పెరిగింది, పన్నెండు మంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. అడుగున "ఠాణా" మాత్రం ఏటేటా ఉండేది, దాని పక్కన "కాలేదు" అని. రెండేళ్ళ కింద ఆమె పోయింది. నాకు తెలిసేసరికి నెల దాటింది. వెళ్ళి చూస్తే బల్ల ఉంది, ఆ మాట ఉంది.

ఇదంతా ఆ బెంచీ మీద, కళ్ళలో ఎండ పడుతుండగా గుర్తొచ్చింది. లేచాను. బెంచీ ఒక కొస పట్టుకుని లాగాను. నేల గీరుకుని పెద్ద చప్పుడైంది.

"ఏందమ్మా, ఏం చేస్తున్నరు?" కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు.

"ఈడ ఎండ కొడుతుంది. ఇది మనుషులు కూర్చునే చోటు కాదు. ఆ కొస పట్టు, బాబూ," అన్నాను. ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని అదిలించిన గొంతు, అతని చెయ్యి దానంతటదే బెంచీ మీద పడింది. ఇద్దరం కలిసి కిటికీ కిందికి చేర్చాం. ఎస్సై కుర్చీని నా వైపు తిప్పుకున్నాడు.

నేను కూర్చుని ఫిర్యాదు కాగితం అందించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్షరాలు మస్తున్నయ్ మేడం. ఎవ్వలు రాసిన్రు?"

అతని కళ్ళలోకి చూశాను. నా కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నేనే రాసిన," అన్నాను.